బడియీడు కొలబద్దలు

మన పల్లెలలో పూర్వము బిడ్డను బడిలో చేర్చునపుడు ఒక కొలత వాడుకలో నుండెడిది. బిడ్డ తన కుడిచేతిని నడినెత్తి మీదుగా పోనిచ్చి ఎడమచెవిని అందుకొనవలెను. అందినచో ఈడు వచ్చినట్లు. అందనిచో మఱుసటి యేడు తీసికొని రమ్మని అయ్యవారు చెప్పెడివారు. పుట్టిన దినమును వ్రాసి యుంచుకొను అలవాటు లేని కాలమున ఇంతకంటె సులభమైన ఉపాయము లేదు. దీనిని విని నేటి విద్యావంతులు నవ్వుదురు. మాకు నవ్వు రాదు. పసితనమున తల పెద్దదిగను చేతులు పొట్టివిగను ఉండి, అయిదాఱేండ్ల ప్రాయమున చేతులు సాగి చెవి నందుకొనుట దేహము పెరుగు క్రమములోని విషయమే. ఆఫ్రికా ఖండమునందును పెక్కుచోట్ల ఇదే పరీక్ష నడచినది. తిండి చాలని బిడ్డకు చెవి అందుట ఆలస్యము కావచ్చును గనుక కొలత నిర్దుష్టము కాదు. అయినను దానియందొక సుగుణము కలదు. దాని ఫలితమును ఎవరును పుస్తకమున కెక్కించలేదు; చెవి అందని బిడ్డను మందమతి యని ఎవరును పిలువలేదు; తల్లి ఆ సాయంకాలమునకే దానిని మఱచిపోయెడిది.

ఇప్పటి కొలతలు అట్లు మఱచిపోదగినవి కావు. 2020 సంవత్సరపు జాతీయ విద్యావిధానము మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వఱకు గల ప్రాయమును పునాది దశగా నిర్ణయించినది. 2021 జూలై మొదట కేంద్రప్రభుత్వము 'నిపుణ్ భారత్' అను ఉద్యమమును, ఆ నెల చివర 'విద్యాప్రవేశ్' అను మూడునెలల ఆటపాటల ప్రణాళికను ప్రకటించినది. బడిలో చేరిన బిడ్డ ఏమి యెఱిగి యుండవలెను, ఏమి చేయగలిగి యుండవలెను అను పట్టికలు వానితోడనే అయ్యవార్ల చేతికి వచ్చినవి. ఉద్దేశము మంచిది. బిడ్డ తొలినాడే బలపము పట్టి కూర్చుండక, పన్నెండు వారములు ఆడుచు పాడుచు బడికి అలవాటు పడవలెనని ప్రభుత్వమువారు తలచుట హర్షింపదగిన విషయము. మేము విమర్శింప బూనినది ఆ ఆటపాటలను కాదు. వాని ప్రక్కన నడచు పట్టికను. బిడ్డను కొలువగా వచ్చిన అంకెను ఎవరి పేర వ్రాయవలెను? బిడ్డ పేరనా, ఇంటి పేరనా, బడి పేరనా, ఊరి పేరనా? ఈ ప్రశ్నకు జవాబు నిర్ణయించుకొనక మునుపే కొలతలు సాగుచున్నవి. కర్నూలు జిల్లా పడమటి కొసనున్న ఆదోని, ఎమ్మిగనూరు సీమలను ఉదాహరణముగా గైకొనుటకు హేతువు కలదు. మూడు ఇంటిభాషల బిడ్డలు ఒకే బడిలో కూర్చుండునట్టిదియు, ఏటికి నాలుగైదు నెలలు కుటుంబములకు కుటుంబములే వలసపోవునట్టిదియు నగు సీమ యిది. ఇక్కడ నిలిచిన కొలబద్ద మఱియెక్కడనైనను నిలుచును.

ఈ సీమకు చదువులెక్క క్రొత్త గాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడు వఱకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. ఆ బళ్లారికి కలెక్టరుగా నుండిన ఏ.డి. క్యాంబెల్ దొర 1823 ఆగస్టులో తన జిల్లాలోని బడుల స్థితిని గుఱించి మదరాసు రెవిన్యూ బోర్డునకు ఒక నివేదిక పంపెను. తెలుగునకు వ్యాకరణమును నిఘంటువును కూర్చిన క్యాంబెల్ ఈయనయే. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క. అందు కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాటీ 23, పారసీ 21, తక్కినవి స్వల్పము. బాలికలు 60 మంది. అయిదవయేట బిడ్డను బడిలో వేయుదురనియు, ఆనాడు అయ్యవారును బడిపిల్లలును బిడ్డ యింటికే వచ్చి వినాయకుని చుట్టు కూర్చుందురనియు, అయ్యవారు బిడ్డ వ్రేలు పట్టి బియ్యములో వ్రాయించుననియు ఆయన వర్ణించెను. బడి బిడ్డ యింటికి నడచి వచ్చెడిది! ఆ యాచారము బియ్యపు పళ్లెముతో నిలిచినది గాని, ఆ నడక నిలువలేదు.

అదే నివేదికలో క్యాంబెల్ ఒక దోషమును ఎత్తి చూపెను. బడులలో చదివించు కావ్యముల భాష వేఱు, ఇండ్లలో మాటలాడు భాష వేఱు. అందుచేత పిల్లలు పద్యములను వల్లింతురే గాని వాని యర్థము నెఱుగరని ఆయన ఫిర్యాదు. రెండువందల యేండ్లు గడచినవి. బళ్లారి పోయి కర్నూలు వచ్చినది. ఇసుకపై వ్రాత పోయి అచ్చుపుస్తకము వచ్చినది. ఇంటిభాషకును బడిభాషకును నడుమ గల దూరము మాత్రము అట్లే యున్నది. నేటి సంసిద్ధతా పట్టికలు కొలుచునది, తఱచుగా, ఈ దూరమునే. కొలిచి, దానికి బిడ్డ కొఱత యని పేరు పెట్టుచున్నవి. మా ఆక్షేపణ యిదియే.

కొలతలు పుట్టిన కథను కొంచెము చెప్పవలసియున్నది. 1904లో ఫ్రాన్సుదేశపు విద్యామంత్రి, సామాన్య తరగతులలో వెనుకబడు బిడ్డలకు వేఱుగా సాయము చేయుటెట్లని విచారించుటకు ఒక సంఘము నేర్పఱచెను. అందు సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ అను వైద్యునితో కలిసి 1905లో ముప్పది చిన్న పరీక్షల పట్టికను సిద్ధపఱచెను. సాయము కావలసిన బిడ్డను కనుగొనుటయే ఆయన యుద్దేశము. బుద్ధి యనునది పుట్టుకతో నిర్ణయమైన పరిమాణమనియు, అది పెరుగదనియు వాదించువారిని ఆయన 1909లో ప్రకటించిన గ్రంథమున గట్టిగా ఖండించెను. 1911లో ఆయన మరణించెను. పిదప ఆ పట్టిక అమెరికా చేరి, సాయమునకై పుట్టినది వడపోతకు పనిముట్టయ్యెను. మన పొరుగున బొంబాయి కర్ణాటకమున వి.వి. కామత్ గారు ఆ పట్టికను కన్నడ మరాటీ బిడ్డలకు తగినట్లు సవరించి 1940లో గ్రంథము ప్రకటించిరి. పరాయి ప్రశ్నలను ఉన్నవి ఉన్నట్లు భాషాంతరీకరించిన చాలదని ఆనాడే ఇచ్చటివారు గ్రహించిరనుటకు అది నిదర్శనము.

ఇంకొక త్రోవ యేల్ విశ్వవిద్యాలయమునందలి ఆర్నాల్డ్ గెసెల్ గారిది. ఏ నెలకు బిడ్డ కూర్చుండును, ఏ యేటికి వృత్తము గీయును అని ఆయన శిశువులను గమనించి క్రమపట్టికలు వేసెను. చెట్టు కాపునకు వచ్చినట్లు బిడ్డ చదువునకు వచ్చుననియు, తొందరపెట్టరాదనియు ఆయన మతము. వినుటకు ఇంపుగానున్న ఈ మతమునుండి, సిద్ధము కాని బిడ్డను మఱియొక యేడు ఆపుటయే మేలను ఆచారము పుట్టినది. 1980లలో లోరీ షెపర్డ్, మేరీ లీ స్మిత్ అను విదుషీమణులు అమెరికాలో అట్లు ఆపబడిన పిల్లలను, వారితో సమానులై ముందునకు పంపబడిన పిల్లలతో పోల్చి చూచి, ఆపినందువలన చదువులో చెప్పుకొనదగిన లాభము కలుగలేదని తేల్చిరి. చెట్టున పండు తనంతట ముగ్గునేమో గాని, పుస్తకము లేని యింట ఊరక కూర్చున్న బిడ్డ తనంతట చదువునకు ముగ్గదు.

మన దేశపు పరిశోధనలలో మేము మెచ్చునది యొకటి కలదు. 2011 మొదలుకొని అసర్ కేంద్రమును, ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయమును కలిసి అస్సాము, రాజస్థానము, తెలంగాణములలో సుమారు 14,000 మంది బిడ్డలను నాలుగేండ్ల ప్రాయమునుండి ఎనిమిదేండ్ల వఱకు వెంబడించి చూచిరి. 2017లో ఫలితములు వెలువడినవి. అయిదేండ్లకు బిడ్డల సంసిద్ధత ఆశించిన దానికంటె మిక్కిలి తక్కువగా నుండెను. అంగన్‌వాడిలో చదువునకు ముందరి ఆటలు స్వల్పము. ప్రైవేటు బడిలో ఒకటవ తరగతి పాఠమునే ముందుగా త్రాగించుచుండిరి. రెండును ఆ ప్రాయమునకు తగినవి కావు. ఆటలును, మాటలును, కథలును గల చోట బిడ్డలు మెఱుగుగా నుండిరి. మఱియొక సంగతి: బిడ్డలు పుస్తకములలో గీసిన మెట్లవరుసను బట్టి నడువలేదు. బడిలో చేరి, మాని, మఱల అంగన్‌వాడికి పోయి, తిరిగి బడికి వచ్చి, ఏడెనిమిదేండ్లకు గాని కుదురుకొనలేదు. ఈ అధ్యయనము బిడ్డలను కొలిచినది. తీర్పు చెప్పినది బడులమీద. అందలి ఏ బిడ్డకును ఆ అంకె తలవ్రాతగా అంటలేదు.

ఇక నిపుణ్ భారత్ పట్టికను చూతము. ఒకటవ తరగతికి ముందరి బాలవాటికలో అయిదాఱేండ్ల బిడ్డ అక్షరములను వాని ధ్వనులతో గుర్తించుట, రెండు మూడక్షరముల చిన్న పదములను చదువుట, పది వఱకు అంకెలను చదువుట, వస్తువులను సంఘటనలను వరుసగా పేర్చుట లక్ష్యములు. పైచూపునకు ఇవి స్వల్పములే. కాని 'రెండు మూడక్షరముల పదము' అన్నపుడు ఏ లిపిని మనసున నుంచుకొనిరి? ఆంగ్లమున ఇరువదియాఱు గుర్తులతో పని జరుగును. మన లిపిలో అచ్చులు హల్లులు ఏబదికి పైబడినవి; వానిపై గుణింతములు, వాని క్రింద ఒత్తులు. 'అమ్మ' రెండక్షరముల పదమే గదా యనవచ్చును; ఆ రెండవ యక్షరము క్రింద ఒత్తున్నది. సోనాలీ నాగ్ గారు 2007లో ప్రకటించిన అధ్యయనమున, మన లిపికి తోబుట్టువైన కన్నడలిపిని బిడ్డలు నేర్చుకొను వేగమును పరిశీలించి, అక్షరజ్ఞానము తొలి తరగతితో ముగియక పైతరగతులకును సాగుచున్నదని చూపిరి. కన్నడమునకు చెల్లునది తెలుగునకు చెల్లకుండునా? ఒకటవ తరగతికి ముందే పదము చదువవలెనని ఒత్తిడి పెట్టినచోట బిడ్డ గుర్తుపట్టునది అయ్యవారి పెదవి కదలికను.

ఆదోనికి వత్తము. ఇక్కడ ప్రత్తి అంగడియు, జిన్నింగు మిల్లులును; కోటకు దిగువ పట్టణమున ఉర్దూ మాటలాడు వీధులును; పడమటగా హొళగుంద, కౌతాళము దెసకు పోయినకొలది పెక్కు ఇండ్లలో కన్నడమును. కన్నడ బడులును ఉర్దూ బడులును ఈ సీమలో లేకపోలేదు. కాని ప్రతి యూర ప్రతి భాషకును బడి యుండుట యెట్లు? కావున ఇంట ఒక భాష, బడిలో ఒక భాషగా బ్రతుకు బిడ్డలు ప్రతి తరగతిలోను కలరు. అట్టి బిడ్డకు ఒక బొమ్మ చూపి 'ఇదేమి?' అని యడిగిన, కన్నడపు బిడ్డ 'ఎమ్మె' అనును. తెలుగుబిడ్డయైనను ఇచ్చట 'ఎనుము' అనును. పుస్తకమున 'గేదె' అని యున్నది. ఉల్లిపాయ యిచ్చట ఎఱ్ఱగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ, వేరుసెనగకాయలు బుడ్డలు. బిడ్డకు వస్తువు తెలియును, దాని రుచి తెలియును, అది యే చేనిలో పండినదో తెలియును. తెలియనిది కోస్తావారి పేరొక్కటే. సున్న పడునది బిడ్డకే! దయగల అయ్యవారు ఎనుమును ఒప్పుకొందురనుట నిజము. ఈ సీమలో పుట్టినవారైనచో నవ్వుచు ఒప్పుకొందురు. కాని దూరపు జిల్లానుండి బదిలీపై వచ్చినవారి మాటయేమి? కొలత యనునది కొలుచువాని పుట్టినయూరిని బట్టి మాఱినచో అది కొలతయే కాదు.

ఎమ్మిగనూరు సంగతి వేఱు. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన ఊరిది. మగ్గమున్న ఇంటిలో నాలుగేండ్ల పిల్లను గమనించి చూడుడు. తల్లి ప్రక్కన కూర్చుండి కండెలను రంగులవారీగా ఏఱి యందించును. పడుగులో తెగిన పోగును పెద్దల కంటె ముందుగా కనిపెట్టి వ్రేలితో చూపును. ఏ కండె తర్వాత ఏ కండె రావలెనో యెఱుగును. వర్గీకరణము, పోలిక, వరుస అని పట్టికలలో పెద్ద పేర్లతో నుండు సామర్థ్యములు ఇవియే గదా! అదే పిల్ల యెదుట బడిలో ఎన్నడును చూడని ప్లాస్టిక్ పూసలు పోసి, పరిచయము లేని మనిషి, పుస్తకపు మాటలతో, 'ఒకే వర్ణము గలవానిని వేఱు చేయుము' అనినచో పిల్ల తల వంచుకొని ఊరకుండును. ఆ మౌనమునకు పట్టికలో గడి యేది? 'చేయలేదు' అను గడిలో గుర్తు పడును. పరాయివారి యెదుట నోరు మెదపకుండుట ఆడుబిడ్డకు ఇంటిపెద్దలు నేర్పిన మర్యాద. ఆ మర్యాద మంచిదా చెడ్డదా యని వేఱొకచోట చర్చింపవచ్చును. కాని దానిని బుద్ధిమాంద్యముగా లెక్కకట్టుట అన్యాయము. ఇంత చెప్పినందున, కండెలు చుట్టు పిల్లను మగ్గము వద్దనే యుంచుడని మేము సలహా యిచ్చుచున్నట్లు ఎవరును తలపరాదు. బడికి పంపవలసినదే. ఆ పిల్ల తనతో తెచ్చుకొన్న నేర్పును బడి గుర్తింపవలెననియే మా మాట.

అన్నిటికంటె కఠినమైనది సుగ్గి. వానపై ఆధారపడిన ఈ నేలలలో పనులు సన్నగిల్లగానే, కోసిగి, మంత్రాలయము, ఆదోని, పెద్దకడుబూరు ప్రాంతముల కుటుంబములు మూటలు కట్టుకొని గుంటూరు సీమకు ప్రత్తి యేఱుటకును మిరపకాయలు కోయుటకును పోవుదురు. దీపావళి దాటిన పిదప పోయినవారు ఉగాది ప్రాంతమునకు గాని మరలరు. దీనినే ఇచ్చట సుగ్గికి పోవుట యందురు. పెద్దపిల్లలు తల్లితో చాలులో దిగుదురు. అయిదాఱేండ్ల వారు గట్టుమీద చంటిబిడ్డను ఆడించుచు కూర్చుందురు. ఊర నిలిచిపోవు పిల్లలకై వలసకాలపు వసతిగృహములను ప్రభుత్వము తెఱచిన యేండ్లు కలవు. ఎదిగిన పిల్లలకు అవి కొంత యాధారము. అయిదేండ్ల బిడ్డ తల్లిని విడిచి అందుండునా?

ఇప్పుడు పట్టికను ఈ బ్రతుకు ప్రక్కన పెట్టి చూడుడు. జూనులో బడి తెఱచినపుడు ఆ బిడ్డ యుండును. విద్యాప్రవేశ్ ఆటలు మూడునెలలు ఆడును. పాటలు నోటికి వచ్చి, అయ్యవారి ముఖము అలవాటై, అక్షరములు ఒకటొకటిగా కంటికి నిలుచు వేళకు లారీ వచ్చి వీధిలో నిలుచును. మఱల ఏప్రిలులో బిడ్డ వచ్చినపుడు కొలిచినచో అంకె తగ్గియుండును. ఆ తగ్గుదల బిడ్డ బుద్ధిలోనిదా, మిరపచేనిలోనిదా? పట్టికకు ఆ భేదము తెలియదు. బిడ్డ పేరు ఎదుట గుర్తు పడును. తల్లి వచ్చి యడిగిన, 'వీనికి చదువు ఎక్కదమ్మా' అను మాట పుట్టును. ఆ మాట ఎంతదూరము పోవునో చెప్పిన వారికి తెలియదు. మఱుసటి దీపావళికి, బిడ్డను అవ్వ దగ్గఱ వదలి పోదమా, వెంట తీసికొని పోదమా యని ఆలుమగలు తర్జనభర్జన పడునపుడు ఆ మాటయే తీర్పు చెప్పును. చదువు రానివాడు ఇక్కడ నుండి యేమి లాభము? వాడు లారీ యెక్కును. రెండేండ్లు ఎక్కినవాడు మూడవ యేడు బడి మొగము చూచుట కష్టము. ఆ బిడ్డ యెడ, పట్టికలో పడిన గుర్తు తన్ను తానే నిజము చేసికొన్నది.

పట్టణములలో మఱియొక విధమైన కొలత సాగుచున్నది. దానికి పట్టిక లేదు, సిద్ధాంతము లేదు. బడిలో చేర్చుకొను ముందు మూడేండ్ల బిడ్డను బల్ల యెదుట నిలిపి రంగుల పేర్లును పండ్ల పేర్లును ఆంగ్లమున చెప్పుమందురు. బిడ్డనుగాని తల్లిదండ్రులనుగాని ఇట్లు వడపోయరాదని 2009 విద్యాహక్కు చట్టపు 13వ విభాగము నిషేధించినది. మొదటి తప్పునకు 25,000 రూపాయలు, అటుపిమ్మట తప్పు తప్పునకును 50,000 రూపాయలు వఱకు జరిమానా కలదు. చట్టము నెఱిగిన గృహస్థులే బిడ్డకు ముందు రాత్రి ఆ పేర్లు వల్లింపజేసి తీసికొని పోవుట విచిత్రము. అట్టి పరీక్ష బిడ్డను కాక తండ్రి సంపాదనను కొలుచుచున్నదని వారికి తెలియకపోలేదు. దీనిని గుఱించి ఇంతకంటె వ్రాయుట వ్యర్థము.

అట్లయిన కొలతలే వలదందురా యని అడుగువారికి మా జవాబు: అన్నిటిని వలదనము. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమున వైద్యబృందములు అంగన్‌వాడి బిడ్డలను ఏటికి రెండుమాఱులు, బడి పిల్లలను ఒకమాఱు పరీక్షింపవలెనని యేర్పాటు. పుట్టుకతోడి లోపములు, జబ్బులు, పోషకాహారపు కొఱతలు, ఎదుగుదలలోని ఆలస్యము అను నాలుగింటిని వెదకుదురు. చెవి వినబడని బిడ్డను 'చెప్పిన మాట వినడు' అని కొట్టు బడులు ఉన్నంతవఱకు ఇట్టి కొలత వరము. ఆ కొలత చివర వైద్యుడున్నాడు, కండ్లద్దములున్నవి, చికిత్స యున్నది. బినే కోరిన దిట్టిదే. కొలత చివర ఏమున్నదని ప్రతి పట్టికను అడిగి చూచిన దాని గుణము బయటపడును.

సంసిద్ధతను కొలుచుటలోను మంచి త్రోవ తొక్కినవారు లేకపోలేదు. కెనడాదేశపు మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమున డాన్ ఆఫర్డ్, మగ్డలీనా యానుస్ అనువారు ఒక ప్రశ్నావళిని కూర్చిరి. బిడ్డను కూర్చుండబెట్టి పరీక్షించుట అందు లేదు. కొన్ని నెలలు బిడ్డతో మెలగిన ఉపాధ్యాయురాలు తాను చూచినదానిని బట్టి దానిని నింపును: ఆరోగ్యము, తోడివారితో మెలకువ, మనోనిబ్బరము, భాష, సంభాషణ అని అయిదు తెరగులు. ఆస్ట్రేలియా ప్రభుత్వము ఈ పద్ధతిని గైకొని 2009 మొదలు మూడేండ్ల కొకమాఱు దేశమంతట బడిలో చేరిన బిడ్డల లెక్క తీయుచున్నది. ఏదో యొక తెరగులో వెనుకబడి యున్నవారు 2021లో నూటికి 22, 2024లో నూటికి 23.5. మాకు ఆసక్తి కలిగించినది అంకె కాదు, దానిని ప్రకటించు రీతి. బిడ్డ పేర ఏమియు ప్రకటింపరు. పేటపేటకును, ఊరూరికిని లెక్క కట్టుదురు. ఒక పేటలో బిడ్డలు సంభాషణలో వెనుకబడినారని తేలిన, అచ్చట గ్రంథాలయము కలదా, ఆడుకొన చోటు కలదా, తల్లులకు తీరిక కలదా యని ఆ పేటను అడుగుదురు.

ఆ పద్ధతియందును లోపము లేకపోలేదు. ఇంట ఆంగ్లము మాటలాడని బిడ్డలు, ఆంగ్లము చాలనివారైనచో, అక్కడను వెనుకబడినవారిగానే ఎక్కువగా లెక్కకు వచ్చుచున్నారు. మన యెనుము కథయే! అయినను ఆదివాసుల బిడ్డల విషయమున, వారి యాచారవ్యవహారములు తెలిసిన ఆ జాతివారినే ఉపాధ్యాయురాలి ప్రక్కన కూర్చుండబెట్టి ప్రశ్నావళిని నింపు ఏర్పాటు చేసికొనిరి. పరీక్షకుని కంటికి అందనిది ప్రక్కవాని కంటికి అందును. ఇది మనము అరువు తెచ్చుకొనదగిన పద్ధతి.

ఆదోని సీమలో అట్టి ప్రక్కమనిషి కొఱకు దేశాంతరము పోనక్కఱలేదు. ప్రతి పల్లెలోను అంగన్‌వాడి టీచరమ్మ యున్నది. 1975 అక్టోబరు 2న దేశమున ముప్పదిమూడు చోట్ల పరీక్షార్థము మొదలైన ఆ పథకము నేడు మన వాడవాడకును వచ్చినది. బిడ్డ యింట ఏ భాష మాటలాడుదురో, ఎవరు సుగ్గికి పోయిరో, ఏ పిల్ల పరాయివారి యెదుట నోరు విప్పదో, ఎవరికి పుట్టినది మొదలు తూకము పెరుగలేదో ఆమె యెఱిగినట్లు బడిలోని అయ్యవారు ఎఱుగరు. మూడేండ్లు ఆ బిడ్డ ముక్కు తుడిచినది ఆమె. జూనునెలలో బిడ్డ అంగన్‌వాడి గడప దాటి బడిగడప త్రొక్కునపుడు ఆమె వెంట ఒక తూకపు పుస్తకము మాత్రమే పోయి, ఆమె యెఱుక వెనుక నిలిచిపోవుట పెద్ద నష్టము. బిడ్డ తొలి గమనికను అయ్యవారును ఆమెయును కలిసి వ్రాయవలెను. ప్రశ్నను ఇంటిభాషలో అడుగవలెను. ఎనుమన్నను ఎమ్మెయన్నను సరియే యని పట్టికయందే అచ్చు వేయవలెను. పరీక్షకు పెట్టు వస్తువులు కండెలు, బుడ్డలు, ప్రత్తికాయలు ఏల కారాదు?

తెలిసిన అంకెలను కూడి బడి యెదుటను పంచాయతి యెదుటను పెట్టుటకు మాకు అభ్యంతరము లేదు, పెట్టవలెననియే కోరుదుము. నూఱుమందిలో నలువదిమంది పుస్తకపు భాష నెఱుగరని తేలినచో, ఆ యూరికి కన్నడమో ఉర్దూయో వచ్చిన ఉపాధ్యాయుని పంపుమని అడుగుటకు అది సాధనమగును. బిడ్డ పేరు గల కాగితము మాత్రము అయ్యవారి చేతిలోనే, రేపటి పాఠమును నిర్ణయించుకొనుటకు మాత్రమే యుండవలెను. తల్లికి చదివి వినిపించు తీర్పుగా మాఱరాదు.

సుగ్గి బిడ్డ విషయమున ఇంకొక పని కలదు. ఒక బడినుండి మఱియొక బడికి మాఱు హక్కు బిడ్డకు 2009 చట్టపు 5వ విభాగమే యిచ్చినది. మిరపచేను ప్రక్కనున్న గుంటూరు సీమ పల్లెలోను బడి యున్నది. కార్తికములో ఇక్కడినుండి పోవు బిడ్డ చేతికి ఒక కాగితము ఇచ్చి పంపిన, అచ్చటి ఉపాధ్యాయుడు ఆ నాలుగు నెలలు వానిని తన బడిలో కూర్చుండబెట్టుకొనవచ్చును. ఆ కాగితమున అంకె వ్రాయనక్కఱలేదు. బిడ్డ యింట ఏ భాష మాటలాడునో, ఏ పాటలు వచ్చునో, ఏ అక్షరము వఱకు వచ్చి ఆగినాడో, ఎవరి ప్రక్కన కూర్చున్న ధైర్యముగా మాటలాడునో వ్రాసిన చాలును. ఏప్రిలులో అదే కాగితము, వెనుకవైపున గుంటూరు అయ్యవారి నాలుగు మాటలతో, ఆదోనికి తిరిగి రావలెను.